ముల్లు కదల్లేదు, బండి ఉడికిపోయింది

చిత్తూరు నుంచి ఒక టీచరమ్మ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరంలోని సంగతి ఇదీ.

వాళ్ళ నాయనకు 74 ఏళ్ళు. ఆయన దగ్గర 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని ఉంది, మీగడ రంగుది. బంగారుపాళ్యం పక్కనున్న మామిడితోటకు పోవాలన్నా, కాణిపాకం పోవాలన్నా ఆ బండే. కొన్ననాటినుంచీ దాన్ని చూసే మెకానిక్ కూడా ఒక్కడే. ఈమె చిన్నప్పటినుంచీ ఆయన్ని మామా అని పిలుస్తుంది. పోయిన వేసవిలో టెంపరేచర్ మీటరు ముల్లు కదలడం మానేసింది. మామ చూసి, హెడ్డుకు, అంటే ఇంజన్ పై మూతలాంటి భాగానికి, ఉన్న వేడి కొలిచే సెన్సర్ పోయిందన్నాడు. దాన్ని విప్పి, అంగట్లో ఇచ్చిన కొత్తది పెట్టబోతే రెండు చుట్లు చేత్తో తిరిగి ఆగింది. పానాకు పైపు తొడిగి బిగించాడు. నీళ్ళు చెమర్చాయి. ఇంకొంచెం బిగించాడు. ఆ పట్టున సెన్సర్ ఊరికే తిరగడం మొదలుపెట్టింది, పట్టు పోయింది. టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి లోపలికి తోసి, చుట్టూరా ప్లంబర్లు వాడే ఎపాక్సీ ముద్ద పెట్టి, ఆరితే రాయవుతుందన్నాడు.

మూడు వారాలు నడిచింది. ఆ మూడు వారాలూ ముల్లు ఎప్పుడన్నా ఒకసారి లేచేది, ఎక్కువగా కిందే పడుకుని ఉండేది. తర్వాత పలమనేరులో పెళ్ళికని మొగిలి ఘాట్ ఎక్కుతుంటే బానెట్ కింద నుంచి తెల్లగా ఆవిరి లేచింది. నాయన మీటరు చూశాడు. ముల్లు అట్టడుగున ఉంది. బండి వేడెక్కలేదులే, ఏదో పైపు కారుతోందనుకుని టీ అంగడి కనిపించేదాకా రెండు కిలోమీటర్లు నడిపాడు. అక్కడ బండి దానంతటదే ఆగిపోయింది. లారీకి కట్టి ఇంటికి తెచ్చారు.

అప్పటినుంచీ నాయన బండి ఊసెత్తడం లేదు. పొద్దున్నే షెడ్డులోకి పోయి గుడ్డతో తుడిచి, మాట్లాడకుండా వచ్చి కూర్చుంటాడు. మామ ఆ వీధి వైపు రావడం మానేశాడు. బెంగళూరులో ఉన్న అన్న పాత ఇనుముకు అమ్మేయమంటాడు, లేదంటే వేరే ఇంజన్ పెట్టిద్దామంటాడు. భర్తేమో తిరుపతిలో తెలిసిన షెడ్డుకు లాగించుకుని పోదాం, ఆ ముసలాయన్ని నమ్మింది చాలంటాడు. ఈమె అడిగేవి మూడు. హెడ్డు పాడైపోయినట్టేనా? ఆ చిల్లును బాగుచేయొచ్చా, చేస్తే ఎలా? మామను పక్కనపెట్టి బండిని బయటికి తీసుకుపోతే రెండు మనసులు విరుగుతాయేమో, ఏం చేయాలి? ఉత్తరంతోపాటు రెండు సెన్సర్లనూ స్టీలు స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో పంపారు. పాతదాన్ని నాయన వక్కపొడి డబ్బాలో దాచి ఉంచాడట.

అమ్మా,

ఆ స్కేలు పక్కన పెట్టాలని మీకు తోచింది చూశారా, సగం పని అక్కడే అయింది. ఫోటోను పెద్దది చేసి మరచుట్లు లెక్కపెట్టాను. పాత సెన్సర్‌కు 12 మిల్లీమీటర్ల నిడివిలో 8 చుట్లున్నాయి. కొత్తదానికి అదే నిడివిలో 9. నేను మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను, ఒక చుట్టు తేడా ఉంది. మీ బండి కథంతా ఆ ఒక్క చుట్టులో ఉంది.

పన్నెండుకు ఎనిమిది అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు. అది మెట్రిక్ మర. పన్నెండుకు తొమ్మిది అంటే అంగుళానికి 19 చుట్లు, అది బీఎస్‌పీ, అంటే నీళ్ళ పైపులకు వాడే మర. స్కేలు మీద చూస్తే పాతది 16 మిల్లీమీటర్ల లావుంది. అంగుళానికి 19 చుట్లుండి దానికి దగ్గరి లావున్న పైపు మర మూడు బై ఎనిమిది, దాని లావు 16.66. లావు సంగతి వెర్నియర్‌తో ఒకసారి ఖాయం చేసుకోండి, ఫోటోను నమ్మి లోహం కోయకూడదు. మర కోణం కూడా వేరే. మెట్రిక్‌కు 60 డిగ్రీలు, బీఎస్‌పీకి 55. అంగట్లో రెండూ పక్కపక్కన పెడితే ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడి కన్నైనా పొరబడుతుంది. చెయ్యి మాత్రం పొరబడదు. సరైన మర చివరిదాకా వేళ్ళతోనే తిరుగుతుంది, పానా పని ఆఖరి అర చుట్టుకే. రెండు చుట్లు తిరిగి ఆగిందంటే ఇది నా జత కాదని ఆ చిల్లు చెప్పినట్టే. అక్కడ ఆపి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఆపకపోతే ఏమవుతుందో పద్మిని ఇంజన్ తెలిసినవాళ్ళకు తెలుసు. 1089 సీసీ ఇంజన్ అది, బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. సెన్సర్ ఒళ్ళు ఇత్తడి. ఇత్తడికీ అల్యూమినియానికీ పోటీ పెడితే ఓడేది అల్యూమినియమే. అందులోనూ మన చిత్తూరు బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి రేడియేటర్లో పోసి ఉంటే, రెండు లోహాల మధ్య ఉప్పునీళ్ళు చేరి ఆ మరలు ముందే సగం తినేసి ఉంటాయి. మీ ఉత్తరం మూడో పేజీలో ఒక మాట రాశారు, పాత సెన్సర్ విప్పినప్పుడు దాని మరల్లో బూడిదలాంటి తెల్లపొడి ఉందని. ఆ తెల్లపొడి మీ హెడ్డులోని అల్యూమినియమే. కాబట్టి మామ చేతికి వచ్చేసరికే ఆ చిల్లు ఆరోగ్యంగా లేదు. ఇది ఆయన్ని వెనకేసుకొచ్చే మాట అనుకోకండి, ఉన్న సంగతి.

ఇక ముల్లు. మీ నాయన ముల్లును నమ్మడంలో తప్పేమీ లేదు, ఈ సంగతి ఆయనకు మీ నోటితోనే చెప్పండి. ఆ సెన్సర్ లోపల వేడి పెరిగేకొద్దీ అడ్డు తగ్గే చిన్న బిళ్ళ ఉంటుంది. మీటరు నుంచి ఒక్క వైరే వస్తుంది. ఆ కరెంటు బిళ్ళ గుండా దిగి, సెన్సర్ ఇత్తడి ఒళ్ళు గుండా, మరల గుండా హెడ్డులోకి పోయి ఎర్త్ అవుతుంది. రెండో వైరు లేదు, మరలే రెండో వైరు. ఆ మరలు తెగిపోయి, వాటిమీద టెఫ్లాన్ మందంగా చుట్టి, ఎపాక్సీలో కూర్చోబెట్టాక కరెంటుకు పోయే దారి ఏది? ఎక్కడో ఒకచోట ఇత్తడి హెడ్డుకు తగిలినప్పుడు ముల్లు లేచింది, తగలనప్పుడు పడుకుంది. ఘాట్లో నీళ్ళు బయటికి పోయాక సెన్సర్ కొసకు తగలడానికి నీళ్ళే లేవు. అంటే వేడి కొలిచే దారీ లేదు, చెప్పే దారీ లేదు. అలాంటప్పుడు ముల్లు ఎప్పుడూ చల్లవైపే పడి ఉంటుంది. బానెట్ కింద ఆవిరి కనిపిస్తే ముల్లు ఏం చెప్పినా ఆపేయాలన్నది ఇకముందు ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

దీన్నిబట్టి ఇంకో అనుమానం కూడా వస్తోంది. అసలు పాత సెన్సర్ పోయిందా? మొదట ముల్లు ఆగిపోవడానికి కారణం ఆ తెల్లపొడే కావచ్చు, లేదా వైరు కొస తుప్పు పట్టి ఉండొచ్చు. ఇది మీరు వంటింట్లోనే తేల్చుకోవచ్చు. వక్కపొడి డబ్బాలోంచి పాత సెన్సర్ తీసి మరల్ని పళ్ళబ్రష్షుతో శుభ్రం చేయండి. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి, ఒక క్లిప్పు పైన వైరు తగిలే కొసకు, ఇంకోటి ఇత్తడి ఒంటికి పెట్టండి. దారం కట్టి, కింది కొస మాత్రమే మునిగేలా గిన్నెలో నీళ్ళలోకి దించి స్టవ్ వెలిగించండి. నీళ్ళు వేడెక్కేకొద్దీ అంకె ఎగుడుదిగుడు లేకుండా తగ్గుతూ వస్తే సెన్సర్ బతికే ఉంది. అంకె అసలు కదలకపోయినా, మీటరు ఏమీ చూపకపోయినా అది పోయినట్టు. మీటరు పనిచేస్తోందా అన్నది ఇంకా సులభం. తాళం ఆన్ చేసి, ఆ సెన్సర్ వైరు కొసను ఒక్క క్షణం ఇంజన్ ఒంటికి తాకించండి. ముల్లు జివ్వున వేడివైపు లేస్తే మీటరూ వైరూ బాగున్నట్టు. ఎక్కువసేపు తాకించి ఉంచకండి. ఈ రెండు పరీక్షలూ నాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండమ్మా. గిన్నెలో అంకె తగ్గుతుంటే ఆయన తప్పకుండా మాట్లాడతాడు.

ఇప్పుడు అసలు భయం, హెడ్డు. నీళ్ళు లేకుండా ఘాట్ మీద రెండు కిలోమీటర్లంటే అల్యూమినియం హెడ్డుకు చిన్న దెబ్బ కాదు. వంగి ఉండొచ్చు, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గాస్కెట్ కాలి ఉండొచ్చు. ఏమీ కాకపోయీ ఉండొచ్చు, అలాంటి బళ్ళూ చూశాను. తేలేదాకా ఎవ్వరూ సెల్ఫ్ కొట్టకూడదు. నాలుగు ప్లగ్గులూ విప్పించి, ఒక్కో సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ఇంజన్‌ను చేత్తో తిప్పించండి. సులువుగా తిరిగితే పిస్టన్లు పట్టేయలేదు. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ కాఫీలో పాలు కలిసినట్టుంటే నీళ్ళు లోపలికి దిగాయి, ఇక ఆలోచన లేదు, హెడ్డు దించాల్సిందే. ఆయిల్ మామూలుగా ఉంటే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టించండి. నాలుగు అంకెలూ పదిశాతం తేడాలోపల ఉంటే గాస్కెట్ బతికినట్టు లెక్క. పక్కపక్కన రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య గాస్కెట్ కాలినట్టు.

మీ దారి ఈ పరీక్ష దగ్గరే రెండుగా చీలుతుంది. హెడ్డు దిగాల్సి వస్తే ఒక రకం రిపేరు, దిగనక్కర్లేకపోతే ఇంకో రకం. చాలామంది తిరగేసి ఆలోచిస్తారు. ముందు చిల్లు ఎలా పూడ్చాలా అని చూస్తారు, తర్వాత గాస్కెట్ పోయిందని తెలిసి రెండోసారి డబ్బు పెడతారు.

హెడ్డు దిగుతుందనుకోండి. అప్పుడు మంచి పని పెద్ద బుష్, అంటే లోపలా బయటా మరలున్న గొట్టం ముక్క, వేయించడం. సెన్సర్ కూర్చునే ఆ బొడిపెను మెషీన్ మీద పెట్టి, చిల్లును నిటారుగా పెంచి, 22 మిల్లీమీటర్ల మెట్రిక్ మర కొట్టి, అందులో లేత్ మీద చేసిన ఇత్తడి బుష్ బిగిస్తారు. బుష్ లోపల మీ పాత సెన్సర్ మరే, అదే పదహారు, అదే ఒకటిన్నర. బండి కంపెనీనుంచి వచ్చినప్పటి కొలతకు తిరిగొస్తుంది. ఇరవై చాలదా అని లేత్ ఆయన అనొచ్చు, ఒప్పుకోకండి. ఇరవైలో పదహారు పెడితే లోపలి మరకూ బయటి మరకూ మధ్య మిగిలే గోడ ఒక్క మిల్లీమీటరే, బిగించేటప్పుడే చీలిపోతుంది. ఇరవైరెండుకు రెండు మిల్లీమీటర్లు మిగులుతుంది. అయితే దానికి తగ్గ కండ బొడిపెకు ఉండాలి, ముప్పై మిల్లీమీటర్ల వెడల్పన్నా లేకపోతే ఈ పని పెట్టుకోవద్దు. బుష్ ఇత్తడిదే ఎందుకంటే, వేడికి అల్యూమినియం ఎంత సాగుతుందో ఇత్తడీ ఇంచుమించు అంత సాగుతుంది. అల్యూమినియం 23 పాళ్ళనుకుంటే ఇత్తడి 19, ఉక్కు 12. ఉక్కు బుష్ వేస్తే రోజూ వేడెక్కి చల్లారేటప్పుడు మెల్లగా వదులవుతుంది, తుప్పూ పడుతుంది.

హెడ్డు ఎలాగూ దిగింది కాబట్టి అదే చేత్తో స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి వంపు చూపించండి. 0.05 మిల్లీమీటరు దాకా ఫర్వాలేదు. 0.10 దాటితే ఫేసింగ్ కొట్టాలి, అంటే మెషీన్ మీద ముఖం చదును చేయించాలి, వంపు పోయేంతవరకే, అంతకు మించి గీకనివ్వకండి. వేడినీళ్ళ తొట్టిలో గాలి పెట్టి చీలికలు చూసే ఏర్పాటు ఉన్న షాపైతే ఆ పరీక్ష కూడా చేయించండి. ఖర్చూ, వారం పది రోజుల ఓపికా కావాలి. కొత్త గాస్కెట్ సెట్టు చేతికి రాకముందే హెడ్డు దించనివ్వొద్దు. చెన్నై పుదుప్పేటలో, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో పద్మిని సామాను ఇప్పటికీ వెతికితే దొరుకుతుంది. ముంబై వీధుల్లోంచి ఆఖరి పద్మిని టాక్సీ తప్పుకున్నది 2023 అక్టోబరులోనే, కాబట్టి మీ బండి అనుకున్నంత అనాథ కాదు.

హెడ్డు దిగనక్కర్లేదని తేలిందనుకోండి. అప్పుడు చిన్న బుష్. ఇక్కడ మీకు ఒక అదృష్టం ఉంది. తప్పు సెన్సర్ తొలిచిన ఆ చిల్లు ఇప్పుడు ఇంచుమించు పదహారున్నర మిల్లీమీటర్లుంటుంది. 18 మిల్లీమీటర్ల, ఒకటిన్నర మర ట్యాప్ (చిల్లు లోపల మర కోసే పనిముట్టు) కొట్టడానికి ముందు వేయాల్సిన డ్రిల్లు కూడా సరిగ్గా పదహారున్నరే. అంటే డ్రిల్లు పెట్టకుండా, చేత్తోనే, బండి మీదే ట్యాప్ కొట్టొచ్చు. అందులో బయట పద్దెనిమిది, లోపల పన్నెండో పదో ఉండే ఇత్తడి బుష్ బిగించి, దానికి చిన్న సెన్సర్ పెట్టాలి. హెడ్డు కదలదు, ఖర్చు తక్కువ, ఒక్క రోజు పని. దీనికీ రెండు ఇబ్బందులున్నాయి. మీ పాత సెన్సర్ ఇందులో పట్టదు. ఏదో ఒక చిన్న సెన్సర్ తెచ్చి మీ పాత మీటరుకు కలిపితే ముల్లు లేస్తుంది కానీ నిజం చెప్పదు, ఒక్కో సెన్సర్ అడ్డు లెక్క ఒక్కోలా ఉంటుంది. అందుకని మీటరూ సెన్సరూ జతగా వచ్చే చిన్న సెట్టు కొని, డాష్‌బోర్డు కింద క్లిప్పుకు తగిలించుకోవాలి. నాయన డాష్‌బోర్డు ముట్టుకోనక్కర్లేదు.

రెండో ఇబ్బంది రజను. ట్యాప్ కొడుతుంటే అల్యూమినియం రజను నీళ్ళ దారిలోకి పడుతుంది. దీని గురించి నా సొంత అనుభవం చెప్తాను. రేణిగుంట రోడ్డులో నేను షెడ్డు పెట్టిన రెండో ఏడు, ఒక ఫియట్ హెడ్డుకు ఇలాగే బండి మీదే ట్యాప్ కొట్టాను. తొందరలో ట్యాపుకు గ్రీజు పూయలేదు, తర్వాత నీళ్ళు తిప్పి కడగలేదు. నెల తిరక్కుండా వాటర్ పంపు సీలు పోయింది. ఆ బండాయన శ్రీకాళహస్తి దారిలో పిల్లలతో ఎండలో నిలబడిపోయాడు. పంపు విప్పితే సీలు ముఖం మీద నా రజనే మెరుస్తూ కనిపించింది. కాబట్టి మీ పనికి ముందు నీళ్ళన్నీ దించేయించండి. ట్యాపు గాళ్ళనిండా గ్రీజు కూరాలి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. రెండు చుట్లకొకసారి బయటికి తీసి తుడిచి, మళ్ళీ గ్రీజు. అయ్యాక థర్మోస్టాట్ (నీళ్ళు వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచేది) విప్పి, పై హోసు విప్పి, పైపుతో నీళ్ళు పెట్టి తేటగా వచ్చేదాకా కడగాలి. పక్కన నిలబడి చూడండి, ఏమీ అనుకోరు.

హెలికాయిల్ వేద్దామని ఎవరైనా అంటారు. అది స్ప్రింగులాంటి తీగ, ప్లగ్గుల దగ్గర, బోల్టుల దగ్గర చక్కగా పనిచేస్తుంది. నీళ్ళు ఆపాల్సిన చోట ఆ తీగ వెంటే నీళ్ళు మెట్లెక్కి బయటికొస్తాయి. సీలెంట్ పూసి వేసినవి నిలబడినవీ ఉన్నాయి, మీ బండికి మాత్రం నేను చెప్పను. వెల్డింగ్ సంగతి కూడా అంతే. నలభై ఏళ్ళు నూనె, నీళ్ళు పీల్చిన అల్యూమినియం వెల్డింగ్‌కు పొంగి గుల్లవుతుంది, ఆ వేడికి హెడ్డు ఇంకా వంగుతుంది. బొడిపే చీలి ఉంటే తప్ప ఆ దారి పట్టొద్దు.

ఇంకొకటుంది, సెన్సర్‌నే హెడ్డులోంచి తప్పించే దారి. ఉన్న చిల్లుకు బిరడా బుష్ వేసి శాశ్వతంగా మూసేసి, సెన్సర్‌ను పై రేడియేటర్ హోసులోకి మార్చడం. హోసును మధ్యలో కోసి, సెన్సర్ పట్టే మర ఉన్న లోహపు గొట్టాన్ని రెండు క్లిప్పులతో బిగిస్తారు. రేపు మనసు మారితే హోసు వరకు కొత్తది వేసుకుంటే ఎప్పటిలాగే, హెడ్డు చిల్లు మాత్రం మూసే ఉంటుంది. అయితే రెండు వైపులా రబ్బరు కాబట్టి ఆ గొట్టానికి వేరే ఎర్త్ వైరు వేయాలి, మరిచిపోతే ముల్లు మళ్ళీ పడుకుంటుంది. ఇంకో లోపం కూడా ఉంది. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఆ హోసులోకి వేడినీళ్ళు రావు, నీళ్ళు తగ్గితే మొదట ఖాళీ అయ్యేదీ అదే. అంటే మొగిలి ఘాట్లో జరిగిందే మళ్ళీ జరిగితే ఈ ముల్లు మళ్ళీ ఆలస్యంగానే చెప్తుంది. మీ నాయన ఘాట్ ఎక్కే మనిషి కాబట్టి దీన్ని నేను చివరి దారిగానే చూస్తాను.

ఏ దారి పట్టినా సెన్సర్‌కు టెఫ్లాన్ చుట్టనివ్వకండి. కొసకు సన్నబడని నిటారు మరైతే కింద కొత్త రాగి వాషరు చాలు. బుష్ బయటి మరకు మాత్రం లోహపు మరల్లో గట్టిపడే పైపు సీలెంట్ పూసి, ఒక రాత్రి ఆరనివ్వాలి. తర్వాత మల్టీమీటర్ ఒక కొస సెన్సర్ ఒంటికి, ఇంకో కొస బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి చూడండి, ఒక ఓమ్ లోపల ఉండాలి. ఎక్కువ చూపిస్తే బుష్ కింద చిన్న రింగు వైరు వేసి ఇంజన్ ఒంటికి కలిపితే సరిపోతుంది. బోరు నీళ్ళు ఇక పోయొద్దు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. కూలెంట్ కొనేటప్పుడు పాత ఇత్తడి రేడియేటర్‌కు పనికొస్తుందా అని అడిగి కొనండి.

మీ అన్న మాట గురించి. వేరే ఇంజన్ పెట్టించడం షెడ్డులో తేల్చుకునే పని కాదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి. అంత తిరిగినా మిగిలేది ఆ పద్మిని కాదు. అమ్మేయడం మీ ఇంటి నిర్ణయం, నేను వద్దనను. ఇప్పుడున్న స్థితిలో అమ్మితే ఇనుము ధరే వస్తుంది, కాబట్టి అమ్మాలన్నా ముందు కంప్రెషన్ అంకెలు చేతిలో పెట్టుకోండి. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్ ఎటూ తప్పదు. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమం 50 ఏళ్ళు నిండిన బళ్ళకు వర్తిస్తుంది, మీ బండికి ఆ వయసు 2036లో వస్తుంది. దానికి ఇంజన్, ఛాసిస్ పెద్దగా మార్చకుండా ఉండాలని షరతు. అన్నకు ఈ లెక్క కూడా చెప్పండి.

ఇక మామ. ఉత్తరంలో మీరు ఎక్కువసార్లు కొట్టేసి మళ్ళీ రాసిన పేజీ ఆయన గురించిందే. బండిని నేరుగా తిరుపతి షెడ్డుకు లాగిస్తే పని అవుతుంది. బహుశా బాగానే అవుతుంది. కానీ మీ నాయనకు ఆ బండిలో కూర్చున్నప్పుడల్లా మామ గుర్తొస్తాడు, మామకు ఆ హారన్ వినపడినప్పుడల్లా తల దించుకోవాల్సి వస్తుంది. ఏమీ అనకుండా మళ్ళీ ఆయనకే అప్పగించేస్తే మొహమాటం మిగులుతుంది, చిల్లూ మిగులుతుంది. బుష్ పని చేత్తో అయ్యేది కాదు, లేత్ కావాలి, కొలతలు కావాలి.

నేనైతే మధ్య దారి చూస్తాను. రెండు సెన్సర్లూ, ఒక స్కేలూ తీసుకుని మీరే మామ ఇంటికి వెళ్ళండి. భర్తను తీసుకెళ్ళొద్దు, ఈ ఒక్కసారికి. తప్పెవరిదన్న మాటతో మొదలుపెట్టకండి. "మామా, ఈ రెండింటి చుట్లు ఒకసారి లెక్కపెట్టు" అని చేతిలో పెట్టండి. ఎనిమిది, తొమ్మిది ఆయన నోటితోనే రావాలి. అన్నేళ్ళు పానా పట్టినవాడికి ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అప్పుడు అడగండి, హెడ్డు పరీక్ష నువ్వు చెయ్యి, విప్పడం బిగించడం నువ్వే చెయ్యి, బుష్ పని మాత్రం లేత్‌లో చేయిద్దాం, నువ్వూ వచ్చి దగ్గరుండి చూసుకో అని. లేత్ మీ చిత్తూరులోనే దొరుకుతుంది. హెడ్డు ఫేసింగ్, ప్రెషర్ టెస్టూ ఒకేచోట కావాలంటే తిరుపతి ఆటోనగర్ గానీ, మీకు దగ్గర్లోని వేలూరు గానీ మేలు. కొలతలు కాగితం మీద రాసి లేత్ ఆయనకు ఇవ్వండి. సెన్సర్ కూడా ఆయన చేతికే ఇవ్వండి. బుష్ లోపలి మరలో అది వేళ్ళతో చివరిదాకా తిరగాలి, తిరిగాకే డబ్బు.

మామ రానంటే? రాకపోవచ్చు, సిగ్గు పెద్ద బరువు. శ్రీకాళహస్తి దారిలో ఆగిపోయిన బండాయన దగ్గరికి వెళ్ళడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పంపు విప్పి, రజను చూపించి, నా వల్లే అయిందని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన బండి నా షెడ్డుకే వచ్చింది. మామకు ఒక వారం ఇవ్వండి. అప్పటికీ రాకపోతే మీ భర్త చెప్పిన షెడ్డుకే లాగించండి, అందులో ద్రోహం లేదు. లాగించే ముందు రోజు మాత్రం ఫలానా చోటికి తీసుకుపోతున్నామని ఆయనకు ఒక మాట చెప్పి పంపండి.

పని పూర్తయ్యాక బండి ముందు చక్రాలు కొంచెం ఎత్తులో ఉండేలా నిలిపి, రేడియేటర్ మూత తీసి ఉంచి, కూలెంట్ మెల్లగా పోయించండి. లోపలి గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడవనివ్వండి. సెన్సర్ కొస దగ్గర గాలి చిక్కితే ముల్లు మళ్ళీ మోసం చేస్తుంది. మొదటి వారం ఊళ్ళోనే తిప్పండి, గ్రీమ్స్‌పేట దాకా పోయి రండి చాలు. రోజూ పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ బుష్ చుట్టూ తెల్లటి టిష్యూ కాగితం ఒత్తి చూడమని నాయనకు చెప్పండి, ఎలాగూ పొద్దున్నే గుడ్డ పట్టుకుని షెడ్డులోకి పోతున్నాడు కదా. ఏడు రోజులు కాగితం పొడిగా ఉంటే కాణిపాకం పోయి రావచ్చు. మొగిలి ఘాట్ ఆ తర్వాతే.